జట్కా భాయి కైలీలో నా పాట

ఈ మధ్య పాటలు కట్టే పిల్లలు కొందరు నన్ను చూడటానికి వస్తున్నారు. వచ్చిన ప్రతివాళ్ల చంకలోనూ ఒక నోటు పుస్తకం ఉంటుంది. అందులో పాట, పాట కింద స్వరం, స్వరం కింద తాళం గుర్తులు, ఆఖర్న తేదీ, సంతకం. చూస్తే ముచ్చటేస్తుంది. "తాతా, మీ పాటలన్నీ ఎక్కడ రాసి పెట్టుకున్నారు?" అని అడుగుతారు. నేను అటక మీదున్న వెదురు బుట్ట దించి చూపిస్తాను. బుట్ట నిండా జానెడేసి వెదురు పుల్లలు, ప్రతి పుల్లకూ రంగురంగుల నూలు చుట్టి ఉంటుంది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ముసలాయనకు మతి చలించిందని పైకి అనరు, మర్యాదస్తులు.

మతి బాగానే ఉంది. ఆ పుల్లల కథ ఎన్నిసార్లని నోటితో చెప్పను? అందుకే రాస్తున్నాను. ఇకమీదట ఎవరైనా అడిగితే ఈ కాగితాలు చేతిలో పెట్టి నేను హాయిగా కాఫీ తాగుతాను.

నలభై ఏళ్లు హార్మోనియం వాయించి బతికాను. ఉద్యోగమంటే నెల జీతం, పైన ఒక దొర, చివర్న పింఛను అనుకునేవాళ్లు నాది ఉద్యోగం కాదంటారు. నాకు పైన దొర లేడన్నది నిజమే కానీ మా అన్న ఉండేవాడు. పదిమంది దొరల పెట్టు.

మాది గుడియాత్తం. మగ్గం నేసే ఇల్లు. ఇంట్లో మాట తెలుగు, అంగట్లో మాట అరవం, చదువు మాత్రం ఏ భాషలోనూ లేదు. ఆరేళ్లు నిండగానే నన్ను కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు. నాకు అక్షరం రాదు, అన్నకూ రాదు, మా వీధిలో ఎవరికీ రాదు. తెలుగులో ఉత్తరం ఎప్పుడైనా వస్తే దాన్ని చిత్తూరు వైపు నుంచి చుట్టం ఎవరైనా వచ్చేదాకా దూలంలో దోపి ఉంచేవాళ్లం. ఒకసారి అలా ఒక పెళ్లి పిలుపును, ఆ పెళ్లికూతురి సీమంతం నాటికి చదివించుకున్నాం.

నాకు పాట పిచ్చి పట్టుకుంది. భజన గోష్ఠి ఒకటి ఊరూరా తిరుగుతుంటే దానిలో హార్మోనియం వాయించడానికి చేరాను. గోష్ఠిలో పెద్ద పాటగాడు ఒకాయన ఉండేవాడు. ఎంత గొంతండీ అది! విరించిపురంలో పల్లవి ఎత్తుకుంటే పాలారు అవతలి ఒడ్డున గొర్రెలు తలెత్తేవి. నాది హార్మోనియం వెనక దాక్కునే గొంతు. అందుకని నేను పాటలు కట్టేవాణ్ణి, ఆయన పాడేవాడు. పన్నెండేళ్లు అలా గడిచాయి. జనం ఆయన్ను భుజాల మీద మోశారు, నేను హార్మోనియాన్ని భుజం మీద మోశాను. చివరికి నాకు ఒళ్లు మండి, గోష్ఠి వదిలేసి, నా పాటలు నేనే పాడుకుంటానని ఒంటరిగా బయలుదేరాను.

ఒంటరిగా పాడిన మొదటి ఏడాదే నా పరువు పోయింది. ఒడుగత్తూరులో ఒక పెళ్లిలో నేను కట్టిన పాట నేనే మరిచిపోయాను. మాటలు గుర్తున్నాయి, వరస జారిపోయింది. నేను నోరు తెరుచుకుని కూర్చుంటే, నా చేతులు మాత్రం అలవాటు కొద్దీ హార్మోనియం మీద ఇంకేదో పాట వాయిస్తున్నాయి. ఆడపెళ్లివారు అది కొత్త పద్ధతి కాబోలనుకుని మెచ్చుకున్నారు. నాకు మాత్రం చెమటలు పట్టాయి.

ఇంటికి వచ్చాక, మగ్గం పక్కన గోడకు వేలాడే నూలు పుల్లలు కళ్లబడ్డాయి. నేతవాళ్లకు అది పాత అలవాటు. చారల బట్టకు ఏ రంగు తర్వాత ఏ రంగు, ఒక్కొక్కటి ఎంత వెడల్పు అన్నది కాగితం మీద రాసుకోరు, వెదురు పుల్లకు అదే వరుసలో నూలు చుట్టి పెట్టుకుంటారు. ఎర్రది నాలుగు చుట్లు, తెల్లది రెండు, నల్లది ఆరు... ఇలా. ఎన్నేళ్ల తర్వాతైనా ఆ పుల్ల చూసి పడుగు వేసుకోవచ్చు. పుల్ల మీద ఒక చుట్టుకు పడుగులో ఇన్ని పోగులని లెక్క ఉంటుంది. పుల్ల చారల వరుస గుర్తుంచుకోగలిగినప్పుడు, పాట వరస ఎందుకు గుర్తుంచుకోకూడదు అనిపించింది.

ఏడు స్వరాలకు ఏడు రంగులు పెట్టుకున్నాను. స తెలుపు, రి ఎరుపు, గ పసుపు, మ ఆకుపచ్చ, ప నీలం, ద నలుపు, ని కావి. ఒక చుట్టు ఒక అక్షరకాలం. నాలుగు కాలాలు నిలిచే స్వరమైతే నాలుగు చుట్లు. మాటలు ఎలాగూ మరిచిపోను. ఇక అక్కణ్ణుంచి పాట కట్టడం, పుల్లకు చుట్టడం. నలభై, యాభై పాటలు అలా చుట్టి బుట్టలో భద్రంగా పెట్టాను. అన్న చూసి, "మంచి నూలు పాడు చేస్తా ఉండావు" అని మాత్రం అన్నాడు. ఆయనకు సంగీతమంటే మగ్గం చప్పుడు ఒక్కటే. మిగతాదంతా పని లేనివాళ్ల గోల.

ఆ పాటల్లో ఒకటి ఏరు మీద కట్టింది. ఆ ఏడు వానల్లేక మా ఏరు ఎండిపోయింది. అద్దకంవాళ్లు నూలు జాడించుకోవడానికి చుక్క నీళ్లు లేక చేతులు కట్టుకుని కూర్చున్నారు. వీధిలో సగం మగ్గాలు ఆగిపోయాయి. "ఏల రావే ఏరమ్మా" అని మోహనంలో ఎత్తుకున్నాను. మోహనంలో మ, ని ఉండవు కాబట్టి అయిదు రంగులే. చరణం చివర్న "ఎప్పుడొస్తావు" అనే మాట దగ్గర గ, ప, ద అని పైకెక్కి, ఆ ధైవతం మీద నాలుగు కాలాలు నిలబడేవాణ్ణి. ఏటిని వాకిట్లో నిలబడి కేకేసినట్టు ఉండేది. కట్టిన పాటలన్నిటిలోకీ అదంటే నాకు ప్రాణం. గోష్ఠి వదిలాక కట్టిన పాట, అచ్చంగా నాది.

అయితే నేను దాన్ని గుడియాత్తంలో నలుగురిలో పాడాను. ఆ నలుగురిలో మా పెద్ద పాటగాడు కూడా ఉన్నాడని నాకు తెలియదు.

ఏడాది తర్వాత వేలూరులో ఒక తెలుగు అయ్యవారు, ఈ చుట్టుపక్కల తెలుగువాళ్లు కట్టిన పాటలన్నీ పోగు చేసి, ఎవరి పాట కింద వాళ్ల పేరు వేసి, మద్రాసులో అచ్చు వేయిస్తున్నారని తెలిసింది. నేను పరుగున వెళ్లి ఏరు పాట పాడాను. అయ్యవారు కళ్లద్దాలు పైకి తోసుకుని, "బాగుంది నాయనా. కానీ ఈ పాట పోయిన వారమే వచ్చింది. కట్టినాయన వేరే" అన్నారు.

పెద్ద పాటగాడు! ఈ ఏటి విరించిపురం తిరునాళ్లలో కట్టానని చెప్పి, చివరి చరణంలో నా పేరున్న చోట తన పేరు కూర్చుకుని మరీ పాడి వచ్చాడు. పైగా ఎవరిచేతనో నోటు పుస్తకంలో స్వరంతో సహా రాయించి ఇచ్చాడు. ఆయన్ను పిలిపిస్తే నిండుగా నవ్వుతూ వచ్చి, "తమ్ముడు నాతో పన్నెండేండ్లు తిరిగినాడు గదా, నా పాటలన్నీ తనవే అనిపిస్తా ఉంటాయి పాపం" అన్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అబద్ధమాడాడని కూడా అనుకోను. నోరారా పాడిన పాట తనదేనని నిజంగా నమ్మే రకం.

నేను పుల్లల సంగతి చెప్పాను. పాటగాడు పడీ పడీ నవ్వాడు. అయ్యవారు నవ్వలేదు. మర్నాడు నాలుగు పుల్లలు తెమ్మని, రంగుల లెక్క తెలుసుకుని, తనంతట తానే చదివి, నేను పాడినదానితో పోల్చుకున్నారు. నాలుగూ సరిపోయాయి. "ఇది లిపే నాయనా" అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. "ఏరు పాట పుల్ల తీసుకురా. అది ఈ తిరునాళ్లకు ముందుదని రుజువు చెయ్యి. నీ పేరు వేస్తాను. పదిహేను రోజుల్లో తేకపోతే అచ్చుకు పోతుంది, ఆయన పేరుతో."

ఇంటికి వచ్చి బుట్ట బోర్లించాను. అన్ని పుల్లలూ ఉన్నాయి, అది తప్ప. అటక వెతికాను, పొయ్యి కింద వెతికాను, మగ్గం గుంటలోకి దిగి వెతికాను. చివరికి వదిన నోరు విప్పింది.

"పోయిన ఏడు పండగకి ఇల్లు దులిపినాను గదా. నీ బుట్టలోవి కొన్ని కింద పడినాయి. మీ అన్న పుల్లలు, నీ పుల్లలు నాకెట్ల తెలిసేది నాయనా? అన్నీ కలిపి మగ్గం కాడ తగిలించినాను. తర్వాత ఏరుకుని బుట్టలో వేసేసినాను గదా!"

"అన్నీ ఏరినావా వదినా?"

"ఒకటీ అరా ఉండిపోయిందేమో."

మగ్గం గుంటలో అన్న, పడుగు మధ్య అటూ ఇటూ ఆడే నాడె ఆపాడు. ఆయన నాడె ఆపడం నేను పుట్టి బుద్ధెరిగాక అది రెండోసారి. మొదటిసారి మా నాయన పోయినప్పుడు.

"అయిదు రంగులదా?" అన్నాడు. "తెలుపు, ఎరుపు, పసుపు, నీలం, నలుపు?"

"అదే అన్నా!"

"తలా తోకా లేకుండా, వేసిన చార మళ్లీ రాకుండా ఉండె. అదేనా?"

"అదే, అదే! యాడుండాది?"

అన్న పడుగువైపు చూశాడు. "వేలూరు షావుకారు పంపించిన కొత్త వరస అనుకుని పడుగు వేసేసినానురా. పన్నెండు కైలీలు. ఏ మతిలేనివాడు అడిగినాడో అనుకుంటానే నేసినాను."

"మరి పుల్ల?"

"పనైపోయినాక నూలు విప్పి వాడుకున్నాను. నూలు ఊరికే పోనిస్తానా? పుల్ల మీ వదిన గంజి కలిపేదానికి తీసుకుండె."

నా పాట పన్నెండు కైలీలైపోయింది, మొగవాళ్లు నడుముకు చుట్టుకునే లుంగీలు! నోటికొచ్చినట్టు అన్నను తిట్టాను. జీవితంలో మొదటిసారి. మర్నాడు తెల్లవారగానే ఆయన తలగుడ్డ చుట్టుకుని, "పద, వేలూరుకి పోదాం" అన్నాడు. మగ్గం వదిలి ఆయన రైలుకు బయలుదేరడం చూసి వీధంతా ఎవరు పోయారోనని పరుగెత్తుకొచ్చింది.

కాట్పాడిలో దిగి, ఎండిన పాలారు దాటి, షావుకారు కొట్టుకు చేరాం. షావుకారు గుర్తుపట్టాడు. "ఆ కైలీలా? వేలూరులో ఒక్కడూ ముట్టలేదప్పా. పదకొండు రంగూన్‌కి పంపించేసినాను. అక్కడ ఏదైనా పోతాది." అలా, నా పాటల్లో సముద్రం దాటింది అదొక్కటే. నేను మాత్రం ఇంతవరకూ సముద్రం చూడలేదు.

"పన్నెండోది?" అన్నాడు అన్న.

"ఒక జట్కా భాయి కొనుక్కున్నాడు. కోట కాడ నిలబడి ఉంటాడు. ఆరేసినప్పుడు ఎవడైనా ఎత్తుకుపోతే దూరంనుంచే పట్టుకోవచ్చునని కొన్నాడు."

కోట దగ్గర పాతిక జట్కాలున్నాయి. ఇద్దరం మొగవాళ్ల నడుముల వంక చూసుకుంటూ నడవడం మొదలుపెట్టాం. అది ఎంత ప్రమాదకరమైన పనో అప్పటిదాకా నాకు తెలియదు. ఒక పెద్దమనిషి గొడుగెత్తి మీదికి వచ్చాడు. ఒకాయన తన చెంగు విడిపోయిందేమోనని తడుముకుని, విడిపోలేదని తెలిసి ఇంకా ఎక్కువ తిట్టాడు. అన్నకు ఇవేవీ పట్టలేదు. ఆయన బట్ట తప్ప మనిషిని చూడటం లేదు. ఉన్నట్టుండి నా జబ్బ పట్టుకుని, "అదో, నా నేత" అన్నాడు.

గుర్రానికి గడ్డి వేస్తున్న ఒక బక్కపల్చటి భాయి. ఆయన నడుము నుంచి చీలమండదాకా అడ్డచారలుగా నా పాట. వెలిసిపోయింది, రెండు చోట్ల కుట్లు పడ్డాయి, అంచుకు పేడ అంటింది. అయినా ఎరుపు, పసుపు, నీలం, పసుపు... నేను అక్కడే నిలబడి చదువుకుంటూ పైకే పాడేశాను.

భాయి ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. "ఎన్నాప్పా ఇది? నా కైలీ చూసి పాడతా ఉండావు? ఇది దొంగది కాదు, పోయిన రంజానుకి కొన్నది. షావుకారుని అడుగు!"

"పోయిన రంజానుకా?" అని నేను ఆయన రెండు చేతులూ పట్టేసుకున్నాను. ఈ ఏటి విరించిపురం తిరునాళ్లకు ఎన్నో నెలల ముందు! విషయమంతా చెప్పాను. భాయి తన కైలీని తాను వంగి చూసుకున్నాడు. మళ్లీ నన్ను చూశాడు.

"అంటే నేను ఇన్ని దినాలు నడుముకి పాట కట్టుకుని తిరగతా ఉండానా?"

"అవును భాయి."

"యాడ మొదలు?"

"మొల దగ్గర. నువ్వు దోపుకున్నావే, అందులో పల్లవి ఉండాది."

కైలీ అడిగితే ఇవ్వనన్నాడు. మొండితనం కాదు, ఆయనకు ఉన్నదదొక్కటే. "నేనే వస్తాను, జట్కా ఎక్కండి" అన్నాడు. దారంతా గుర్రాన్ని వదిలేసి వెనక్కి తిరిగి, ఇదేం స్వరం, అదేం స్వరం అని అడుగుతూనే ఉన్నాడు. అయ్యవారి ఇల్లు గుర్రమే వెతుక్కున్నట్టుంది.

అయ్యవారు మనిషిని పంపి పాటగాణ్ణి కూడా పిలిపించారు. కైలీ ఎప్పుడు కొన్నాడో భాయినే అడిగి తెలుసుకుని, వసారాలో ఆయన్ను ఒక స్తంభం పక్కన నిలబెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని, రంగుల లెక్క రాసుకున్న కాగితం చేతిలో పట్టుకుని, "ఎవరూ పాడకండి. నేనే చదువుతాను" అన్నారు. భాయి దోపిన చెంగు సడలించి, పైఅంచు రెండు చేతులా గట్టిగా పట్టుకుని, తాసీల్దారు ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు.

అయ్యవారు నడుము దగ్గర మొదలుపెట్టారు. మెల్లగా, వేలు పెట్టి కొలుస్తూ, స్వరం పలుకుతూ. మొదట కూడబలుక్కున్నారు. నాలుగు చారలు దాటేసరికి రాగం దొరికింది. పల్లవి తొడ దాకా వచ్చింది. అనుపల్లవికి అయ్యవారు నడుము వంచారు. చరణానికి మోకాళ్ల మీద కూర్చున్నారు. ఏ సంగీతమూ తెలియని వాడికైనా తెలిసిపోతోంది, అది ఏరు పాటే. పాటగాడి నవ్వు పల్లవి దగ్గరే పోయింది. భాయి కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు. అన్న ఒక్కడు మాత్రం దిక్కులు చూస్తున్నాడు.

చివరి వరుస చీలమండ దగ్గర. అయ్యవారు దాదాపు నేల మీద చెయ్యి ఆన్చి చదువుతున్నారు. "ఎప్పుడొస్తావు" దగ్గరికి వచ్చారు. గ... ప... నేను మనసులో ద అనేశాను.

"గ" అన్నారు అయ్యవారు. "నాలుగు కాలాలు, గ."

పసుపు! నల్లగా ఉండాల్సిన చోట పసుపు!

పాటగాడు లేచి నిలబడ్డాడు. "చూసినారా? నా పాటలో అక్కడ ధైవతం. తమ్ముడు పాడిందాంట్లో కూడా ధైవతమే. బట్టలో లేదు! ఇది ఆ పాట కాదు. ఏదో చారల కైలీ పట్టుకొచ్చి పాట అంటా ఉండాడు!"

అయ్యవారు తలెత్తి నా వంక చూశారు. నేను నల్లనూలే చుట్టాను, ఒట్టు పెట్టమన్నా పెడతాను. కానీ పుల్ల లేదు, ఉన్నది కైలీ. స్తంభానికి ఆనుకున్నాను. అచ్చులో నా పాట కింద ఆయన పేరు అప్పుడే కనిపించినట్టయింది.

"అది నేను చేసింది" అన్నాడు అన్న.

అందరం ఆయన వైపు తిరిగాం. అన్న తలగుడ్డ తీసి చేతిలో నలుపుతున్నాడు. నలభై ఏళ్లుగా పడుగులో ఒక్క పోగు తప్పని మనిషి, నలుగురిలో తన నేతలో తప్పు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆయనకు అది బట్టలిప్పి నిలబడటంతో సమానం.

"పుల్లలో నలుపే ఉండె అయ్యవారూ. నా కాడ నల్ల నూలు అయిపోయింది. ముందు చారలకి సరిపోయె, ఆఖరి చార వెడల్పు, దానికి చాల్లేదు. ఏరు ఎండిపోయి ఉండె గదా, అద్దకంవాళ్లు నలుపు అద్దలేదు. నలుపుకి నీళ్లు జాస్తి కావాల. పది దినాలు చూసినాను. ఏరు రాలేదు, నూలు రాలేదు. సరే, కాళ్ల కాడ ఎవరు చూస్తారులే అని పసుపు వేసేసినాను."

అయ్యవారు నేల మీదే కూర్చుని, ఆ చివరి వరుసను పెదవుల్లో అనుకున్నారు. తర్వాత గొంతెత్తి, మాటతో సహా పాడారు. "ఎప్పుడొస్తావు" పైకెక్కబోయి, ఎక్కకుండా, గాంధారం, అంటే ఆ గ మీదికి వాలి అక్కడే ఉండిపోయింది. వాకిట్లోంచి వేసే కేక కాదు. అలిసిపోయి, చెయ్యి పట్టుకుని అడిగినట్టు ఉంది. ఏడాదిపాటు నేను వెతికి, దొరక్క, గట్టిగా అరిచి సరిపెట్టుకున్న చోటు అది.

"అబ్బా" అన్నాడు పాటగాడు. కళ్లు మూసుకున్నాడు. ఎంత చేసినా గొప్ప పాటగాడు కదా. "ఇది నాకు తట్టలేదే!"

"మీకెట్ల తడతాది?" అన్నాడు అన్న. "మీకు నల్ల నూలు అయిపోలేదు గదా."

ముందు భాయి నవ్వాడు, ఆ తర్వాత అయ్యవారు. ఆఖరికి పాటగాడు కూడా నవ్వి, అయ్యవారి దగ్గరున్న తన నోటు పుస్తకంలోంచి ఆ పాట ఉన్న కాగితం చించి నా చేతికిచ్చాడు. "తీసుకో తమ్ముడా. కానీ నాకంటే బాగా పాడలేవు" అన్నాడు. అది నిజం. ఆ తర్వాత కూడా ఆ పాట ఆయనే పాడాడు, నా పేరుతో, పసుపుతో. భాయి బయలుదేరబోతూ, "ఈ కైలీ ఇంక ఉతికేది ఎట్ల సామీ? పాట పోతాదేమో" అని దిగులుగా అడిగాడు.

రైల్లో అన్న కిటికీలోంచి చూస్తూ, "అయితే ఆ పాటలో సగం నాదేనా?" అన్నాడు.

"సగం కాదన్నా. నాలుగు కాలాలు."

"సరే" అన్నాడు. నేను తిట్టినందుకు క్షమించమని అడగాలనుకున్నాను. చేతిలో ఉన్న మురుకుల పొట్లం ఆయన ముందు పెట్టాను. తిన్నాడు.

కొన్ని నెలలకు పుస్తకం అచ్చయి వచ్చింది. ఇద్దరం వేలూరు వెళ్లాం. అయ్యవారు పేజీ తీసి నా పేరు చూపించారు. నాకు అది చీమలు పాకినట్టు కనిపించింది, అయినా కళ్లకద్దుకున్నాను. అన్న కళ్లు చిట్లించి పేజీ అంతా వెతికాడు.

"నా పసుపు యాడుండాది అయ్యవారూ?"

అయ్యవారు కింద వరుసలో ఒక అక్షరం మీద వేలు పెట్టారు. "ఇదిగో నాయనా. గ."

అన్న వంగి చూశాడు.

"ఇంత చిన్నదా?" అన్నాడు. "నేను మూడు వేళ్ల వెడల్పు నేసినాను గదా!"

నా పాట నేను చదువుకోలేని సిగ్గు ఆ రోజు నన్ను బాగా పట్టుకుంది. నలభై దాటాక అయ్యవారి దగ్గరే అక్షరాలు దిద్దుకున్నాను. అందువల్లే మీకు ఇదంతా రాయగలుగుతున్నాను. పాటలకు మాత్రం పుల్లలు మానలేదు. అన్న నేర్చుకోలేదు. ఆయనకు జీవితంలో వచ్చిన అక్షరం ఆ గ ఒక్కటే. మా ఊళ్లో తెలుగు రాతలు కనబడవు కాబట్టి, ఆయన దాన్ని మరిచిపోయాడనే అనుకున్నాను.

చాలా ఏళ్ల తర్వాత ఇద్దరం తిరుపతికి వెళ్లాం. కొండ కింద సత్రం వెనక నడుస్తున్నాం. అన్న ఉన్నట్టుండి ఆగిపోయాడు. ఎదురుగా గోడ మీద పెద్ద పెద్ద అక్షరాల్లో ఏదో రాసి ఉంది. అన్న మొహం వెలిగిపోయింది.

"రేయ్, అదో! మన పసుపు! ఎంత వెడల్పు రాసినారో చూడు. స్వామి కాడ కూడా పెట్టినారురా!"

అప్పటికి నాకు చదవడం బాగా వచ్చు. 'ఇక్కడ గలీజు చేయరాదు' అని ఉంది.

అన్న చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి, ఆ గోడకు భక్తిగా దండం పెట్టాడు. నేనూ చెప్పులు విడిచి, ఆయన పక్కన నిలబడి దండం పెట్టాను.